నాన్న దగ్గర మిగిలిన మాట

ఫిబ్రవరిలో కుడివైపు పక్షవాతం వచ్చింది. ఏప్రిల్ చివర్లో ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసరికి మా నాన్న దగ్గర ఒకే ఒక్క మాట మిగిలింది.

"నొ నీన్."

దాని అర్థం చెప్పమంటే మా ఫిన్లాండ్‌లో ఎవరూ చెప్పలేరు. పని మొదలుపెడుతూ అంటాం, ముగిస్తూ అంటాం. కాఫీ కాగితే అంటాం, కారు ఆగిపోతే అంటాం. వచ్చిన చుట్టాలు ఇక బయల్దేరదామని అంటారు, వాళ్ళు వెళ్ళాక తలుపేసుకుని మనం అంటాం. విడాకుల కాగితం మీద సంతకం పెట్టి పెన్ను మూస్తూ మా ఆయన నాతో అన్న చివరి మాట కూడా అదే.

నాన్న పేరు తైస్తో. డెబ్బై రెండేళ్ళు. నలభై ఏళ్ళు సరస్సు మీద దుంగలు లాగే పడవ నడిపాడు, తర్వాత వేటకుక్కలకి పని నేర్పాడు. మొదట్నుంచీ మాటల పొదుపరి. అన్ని మాటలూ పోయి ఒకటి మిగలాలంటే ఇదే మిగలడంలో వింత లేదంది డాక్టరమ్మ.

ఆయన ఇంటికొచ్చిన నాలుగో రోజున ఒర్వొక్కి వచ్చింది, చేతిలో కాగితంతో.

"కాఫీ వద్దు ఔతీ," అంది గుమ్మంలోనే.

మా ఊళ్ళో కాఫీ వద్దన్న మనిషి మంచి కబురు తేలేదని లెక్క.

ఒర్వొక్కి ఇరవై ఏళ్ళుగా స్పానియల్ కుక్కల్ని పెంచుతోంది. మా ఇంట్లో ఉన్న పిహ్కా కూడా నిజానికి ఆమెదే. గోధుమరంగు మచ్చల తెల్ల కుక్క, ఆడది, పైన్ చెట్టు జిగురు రంగు కళ్ళు. కాగితం ప్రకారం అది నాన్న దగ్గర పెరుగుతుంది. రెండేళ్ళు నిండేలోపు వేట స్పానియళ్ళ పరీక్ష పాసవ్వాలి. పాసయితే జీవితాంతం నాన్నదే. లేకపోతే వెనక్కి. సెప్టెంబరు ఇరవై ఏడుకి దానికి రెండేళ్ళు.

"తైస్తో లేచి తిరుగుతుంటే ఈ గడప తొక్కేదాన్ని కాదు," అంది ఒర్వొక్కి. "పని లేని వేటకుక్క ఇంట్లో కూర్చుని పిచ్చిదైపోతుంది. వేటగాడు వెలి-మత్తి దీన్ని అడుగుతున్నాడు. అతనికి అడవుంది, తుపాకుంది, రెండు కాళ్ళున్నాయి."

"నాన్నక్కూడా రెండు కాళ్ళున్నాయి."

"ఒకటిన్నర."

తలుపు తీసి ఉన్న లోపలి గదిలోంచి "నొ నీన్!" అని వినపడింది, కరుగ్గా. వెంటనే చెక్కనేల మీద గోళ్ళ చప్పుడు. కిటికీ దగ్గర పడుకున్న పిహ్కా లేచి వెళ్ళి, మూలకి జారిపడిన చేతికర్రని నోట కరుచుకుని తెచ్చి నాన్న ఒళ్ళో పెట్టింది. ఆయన ఈసారి మెత్తగా "నొ నీన్" అన్నాడు. అది ఆయన కాళ్ళ దగ్గర చుట్టుకుని పడుకుంది.

ఇదంతా నేను నా కళ్ళతో చూశాను. చూసి కూడా ఏమీ అర్థం చేసుకోలేదు. ఆ వేసవి నేను చేసిన మొదటి తప్పు అది.

"పరీక్షకి నేను తీసుకెళ్తాను," అన్నాను.

"నువ్వు సరస్సు దాటించే పంటు నడుపుతావు ఔతీ."

"పంటు నడిపేదానికి ఈల వెయ్యడం రాదా?"

ఒర్వొక్కి నాన్న వైపు చూసింది, కుక్క వైపు చూసింది. "జూన్‌లో ఒక పరీక్ష ఉంది, సెప్టెంబరులో ఒకటి," అంది. "రెండు అవకాశాలు. తర్వాత నన్ను తిట్టుకోవద్దు."

అప్పుడు కాఫీ తాగింది. మూడు కప్పులు.

*

పరీక్షలో ఐదు అంశాలు. కొత్త మనుషుల మధ్య కుక్క బుద్ధిగా ఉండాలి. పొదల్లో వేట వెతకాలి. తుపాకీ పేలితే బెదరకూడదు. నీళ్ళలో పడ్డ పక్షిని తేవాలి, అదీ చెప్పాకే. చివరికి, నేల మీద ఈడ్చుకెళ్ళిన కుందేలు వాసన పట్టుకుని పోయి కుందేలుని తేవాలి. ఒక్కటి తప్పితే అన్నీ తప్పినట్టే.

మే రెండోవారంలో సరస్సు మీద మంచు పోయింది. మా ఫ్రీజర్‌లో, పెర్చ్ చేపలకీ బ్లూబెర్రీ డబ్బాలకీ మధ్య, పాత న్యూస్ పేపర్లలో చుట్టిన ఏడు అడవి బాతులున్నాయి. కిందటి శరత్కాలంలో నాన్న కొట్టినవి. పొద్దున్నే ఒక బాతుని తీసి ఆవిరిస్నానం చేసే సౌనా గది అరుగు మీద పెట్టేదాన్ని. రెండింటికి నా డ్యూటీ దిగేసరికి అది మెత్తబడేది.

మా ఇల్లు రేవు పక్కనే. రేవులో బోర్లించిన పడవ మీద నాన్న కూర్చునేవాడు. ఆయనకి ముందు నేను, నాకు ముందు పిహ్కా. బాతుని నీళ్ళలోకి విసిరేదాన్ని. ఉత్త శబ్దం చేసే పిస్తోలు పేల్చేదాన్ని. పిహ్కా కూర్చున్నచోటే వణికేది. పది లెక్కపెట్టి "పట్రా!" అనేదాన్ని. అంతే, బాణంలా దూకేది.

ఎంత తొందరగా నేర్చుకుందంటే, ఈ పనిలో నాకు పుట్టుకతోనే ఏదో ఉందనిపించింది. నా "పట్రా" ఇంకా నోట్లో ఉండగానే అది గాల్లో ఉండేది.

నేను "పట్రా" అనే ముందు ప్రతిసారీ నా వెనక పడవ మీద నుంచి ఒక చిన్న గొణుగుడు వినపడేది. పాపం, ముసలాయన సరదాపడుతున్నాడనుకునేదాన్ని.

*

జూన్ పరీక్ష పక్క ఊరి సరస్సు ఒడ్డున జరిగింది. దోమలు కళ్ళలో పడుతున్నాయి. జడ్జి పేరు రౌతలీన్. తొడల దాకా రబ్బరు బూట్లు వేసుకున్న పొడుగాటి మనిషి. వాన పడకపోయినా రాసుకునే పుస్తకం ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని తిరిగేవాడు.

మొదటి మూడు అంశాలూ ఇట్టే అయిపోయాయి. పిహ్కా పొదల్లో అడ్డదిడ్డంగా కాకుండా నాగలి చాళ్ళలా అటూ ఇటూ తిరుగుతూ వెతికింది. తుపాకీ పేలితే తలెత్తి పక్షి ఎక్కడ పడిందన్నట్టు చూసింది. రౌతలీన్ తనలో తాను తలూపుకోవడం చూశాను.

నీళ్ళ దగ్గరికొచ్చాం. సహాయకుడు పడవలో బాతుతో తయారుగా ఉన్నాడు. చూసేవాళ్ళు ఇరవైమంది దాకా వెనక నిలబడ్డారు. నాన్న వాళ్ళ మధ్య మడత కుర్చీలో. నేను పిహ్కా మెడతాడు తీశాను. రౌతలీన్ పేజీ తిప్పాడు. పడవతనికి చెయ్యి ఊపి, ఈ దేశంలో ఎవరైనా అనే మాటే అన్నాడు.

"నొ నీన్."

పిహ్కా నీళ్ళలో ఉంది.

బాతు ఇంకా పడవలోనే ఉంది. పడవతను కంగారుపడి, నోరు తెరుచుకుని వస్తున్న కుక్క వైపు దాన్ని విసిరేశాడు. పిహ్కా పట్టుకుంది, ఒడ్డెక్కింది. చేతులు చాచి నిలబడ్డ నన్ను దాటుకుని, ఇరవైమంది కాళ్ళ మధ్యనుంచి దూరి, నాన్న ముందు కూర్చుని, బాతుని ఆయన ఎడమచేతిలో పెట్టింది.

రౌతలీన్ పెన్ను పైకి పట్టుకుని మా దగ్గరికొచ్చాడు.

"ఈ కుక్కని నడిపించే హ్యాండ్లర్ ఎవరు?" అన్నాడు.

"నేనే."

"ఆ సంగతి కుక్కకి చెప్పారా?"

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా వెలి-మత్తి నవ్వాడు. చెప్పకముందే వెళ్ళింది, ఇంకొకరికి ఇచ్చింది: రెండు తప్పులు. ఫెయిల్.

కారు దగ్గర ఒర్వొక్కి నా భుజం తట్టింది. "ఇంక సెప్టెంబరే," అంది. తన కారెక్కి వెళ్ళిపోయింది.

*

ఇంటికి వస్తూ దారిలో మొత్తం లెక్క తేలింది. పిహ్కా ఎప్పుడూ నా "పట్రా"కి వెళ్ళలేదు. దానికి ముందు వచ్చే నాన్న గొణుగుడికి వెళ్ళింది. ఇప్పుడు ఎవరు ఆ మాట అన్నా వెళ్తుంది. ఆ మాట అనని మనిషి ఈ దేశంలో ఎక్కడ దొరుకుతాడు?

అప్పుడు నేను రెండో తప్పు చేశాను.

"నాన్నా, నీ మంచికే చెప్తున్నా," అన్నాను భోజనాల బల్ల దగ్గర. "సెప్టెంబరు దాకా కుక్క ముందు ఆ మాట అనకు. అది మర్చిపోవాలి. సరేనా?"

ఆయన నా మొహంలోకి చూశాడు. నోరు తెరిచాడు. మూశాడు. తలూపాడు.

కుక్క రోజంతా ఆయన దగ్గరే ఉండేది కాబట్టి, కుక్క ముందు అనకూడదంటే అసలు అనకూడదనే. ఆ సంగతి నాకు తట్టలేదంటే ఎవరూ నమ్మరు. తట్టలేదు. నాకు బాతులు తప్ప వేరే ధ్యాస లేదు. పిహ్కాని నాతో పంటు మీదికి తీసుకెళ్ళడం మొదలుపెట్టాను, కొత్త మాట నేర్పడానికి. మాది సరస్సు పాయకి అడ్డంగా ఇనపతీగ పట్టుకుని నడిచే పసుపురంగు పంటు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఆరు నిమిషాలు.

ఐదో రోజు చర్చి ఫాదరీ సైకిలుతో ఎక్కాడు. ఆ ఒడ్డు దగ్గరపడుతుంటే సైకిలు స్టాండు తీస్తూ, "నొ నీన్, వచ్చేశాం," అన్నాడు.

పిహ్కా రెయిలింగు మీదుగా ఎగిరి సరస్సులో పడింది. లేని బాతు కోసం గుండ్రంగా ఈదుతోంది. పంటు ఆపాను. పంటు మీద వెనకున్న బస్సులో డ్రైవరు కిటికీ దించి, "ఔతీ! టైంటేబుల్లో ఇదెక్కడుంది?" అని అరిచాడు. ఫాదరీ మొహం ఎర్రబడిపోయింది. "నేనేం అన్నానమ్మా? నేనేం చెడ్డమాట అన్లేదే!" అని పదిసార్లు అన్నాడు.

జులై అంతా అలాగే గడిచింది. కుక్క మర్చిపోలేదు. నాన్న మాత్రం మాట తప్పలేదు.

మాటలు నేర్పే ఇన్కెరి వారానికొకసారి వచ్చేది. పొట్టిగా చలాకీగా ఉండే మనిషి. నెలంతా సెలవులో ఉండి, జులై చివర్లో వచ్చింది. గంటసేపు నాన్నతో కూర్చుని బయటికొచ్చి, మెట్ల మీద నా పక్కన కూలబడింది.

"ఏం జరిగింది ఔతీ?"

"ఏం జరిగింది?"

"జూన్‌లో మీ నాన్న దగ్గర పదకొండు రకాల 'నొ నీన్'లు ఉన్నాయి." పుస్తకం తీసి చూపించింది. సంగీతం రాసుకున్నట్టు పైకీ కిందికీ గీతలు. "ఇది ఆకలికి. ఇది 'తలుపేయ్'. ఇది 'నా జోలికి రాకు'. ఇదిగో, ఇది నువ్వు డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు మాత్రమే అనేది. వీటి మీద నుంచే మిగతా మాటలు రావాలి. ఇవాళ ఒక్కటీ లేదు. ఎవరో తాళం వేసినట్టుంది."

తాళం వేసింది ఎవరో చెప్పాను.

ఇన్కెరి తిట్టలేదు. పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంటూ, "మరి ఆ కుక్కకి ఇందులో ఎన్ని తెలుసు?" అని మాత్రం అడిగింది.

*

మర్నాడు రెండింటికి ఫ్రీజర్‌లో మిగిలిన చివరి బాతు తీశాను. రేవుకి వెళ్ళాం. నాన్న అలవాటుగా బోర్లించిన పడవ మీద కూర్చోబోయాడు.

"అక్కడ కాదు నాన్నా," అన్నాను.

మెడతాడు ఆయన ఎడమచేతిలో పెట్టాను. వెళ్ళి ఆ పడవ మీద నేను కూర్చున్నాను.

ఆయన తాడుని అరచేతికి ఒక చుట్టు చుట్టుకున్నాడు. పిహ్కా ఆయన వైపే చూసింది. నేను బాతుని విసిరాను. పిస్తోలు పేల్చాను. కుక్క వణికింది. నేను నోరు మూసుకున్నాను. నా మెదడులో "పట్రా" వందసార్లు మోగింది.

"నొ నీన్," అన్నాడు నాన్న, బొంగురుగా, తుప్పు పట్టిన తలుపులా.

పిహ్కా వెళ్ళింది. తెచ్చింది. ఆయన చేతిలో పెట్టింది. ఆయన చివర కిందికి దించి ఇంకో "నొ నీన్" అన్నాడు, అది కూర్చుంది. మధ్యలో సాగదీసి ఇంకొకటి అన్నాడు, అది ఆయన ఎడమకాలి పక్కకొచ్చి నిలబడింది. నేను "పట్రా, కూర్చో, రా" అని మూడు మాటలతో మూడు నెలలు చేయించిన పనిని ఒక్క మాటతో మూడు నిమిషాల్లో చేయించాడు.

ఇక మిగిలింది ఒకటే. ఆయన గొంతు తప్ప ఇంకెవరి గొంతుకీ అది కదలకూడదు. అలాంటి గొంతులు నాకెక్కడ దొరుకుతాయి?

రోజుకి నూటయాభైమంది నా పంటు ఎక్కుతారు.

పంటు మీద పలక వేలాడదీశాను: "ప్రయాణికులకు మనవి. దయచేసి ఈ కుక్కతో ఒక్కసారి 'నొ నీన్' అనండి."

ముందువైపు నాన్న మడత కుర్చీలో, పక్కన పిహ్కా. ఈసారి పొడుగుతాడు కట్టాం. మొదటిరోజు పాలలారీ అతను అన్నాడు, అది ఎగిరింది, తాడు ఆపింది. పోస్టావిడ అంది, ఎగిరింది. బస్సులో ముసలమ్మలు పదిమంది వరసగా దిగి, గొంతులు సవరించుకుని పాటల పోటీలా ఒక్కొక్కరే అన్నారు. మూడో ముసలమ్మకి అది ఎగరడం మానేసి నాన్న మొహం చూసింది. ఆయన ఏమీ అనలేదు. అది కూర్చుంది. ముసలమ్మలు చప్పట్లు కొట్టారు.

"నా దానికి కదల్లేదే!" అని ఒకావిడ నొచ్చుకుంది. "మా ఆయన ఇప్పటికీ లేచి నిలబడతాడు."

ఆగస్టు మధ్యకి ఊరంతా దీని మీదే. జనం పనిలేకపోయినా పాయ దాటారు. ఫాదరీ ప్రాయశ్చిత్తంగా రోజూ వచ్చి అన్నాడు. సెప్టెంబరు మొదట్లో ఒకరోజు వెలి-మత్తి జీపు పంటెక్కింది. అతను దిగి, టోపీ వెనక్కి నెట్టి, కాసేపు నాన్నని గమనించాడు. తర్వాత అచ్చం నాన్నలాగే, అదే బొంగురు, అదే యాసతో, "నొ నీన్" అన్నాడు.

పిహ్కా వెనకకాళ్ళు లేచాయి. దాని చెవులు వెనక్కి తిరిగాయి, నాన్న వైపు. ఆయన సరస్సు వైపు చూస్తున్నాడు. నెమ్మదిగా అది మళ్ళీ కూర్చుంది.

"దొంగది," అన్నాడు వెలి-మత్తి. "దీన్ని నాకిచ్చినా ఇప్పుడు పనికిరాదు. మీ నాన్నని కూడా కలిపి ఇవ్వాలి."

"రెండు కాళ్ళవాళ్ళే కావాలన్నారుగా?" అన్నాను.

"ఒకటిన్నర చాలు." జీపు వెనక తలుపు తీసి ఒక కుందేలుని పంటు మీద పెట్టాడు. "నిన్న కొట్టాను. ఫ్రీజర్‌లో పెట్టిన కుందేళ్ళకి వాసనేముంటుంది? కొత్తదానితో చేయించండి."

*

సెప్టెంబరు పరీక్ష ముందురోజు ఒర్వొక్కి ఫోన్ చేసింది. గొంతులో ఏదో తేడా.

"హ్యాండ్లర్ పేరు దగ్గర తైస్తో అని రాశావు. అతనికి మాట లేదు కదా. ఎవరో పై కమిటీని అడిగారట."

"ఏమన్నారు?"

"జడ్జి ఇష్టం అన్నారు. జడ్జి మళ్ళీ రౌతలీనే."

ఆ ఉదయం గాలి చల్లగా వీస్తోంది. బిర్చి చెట్ల ఆకులు పసుపుబారాయి. రౌతలీన్ అదే ప్లాస్టిక్ సంచితో వచ్చి నాన్న ముందు నిలబడ్డాడు.

"మీరు కుక్కకి ఆజ్ఞలు ఇవ్వగలరా?"

"నొ నీన్," అన్నాడు నాన్న.

రౌతలీన్ ఆలోచించాడు. "హ్యాండ్లర్ ఆజ్ఞ ఇవ్వాలని నియమాల్లో ఉంది," అన్నాడు. "ఎన్ని మాటలు రావాలో లేదు. మొదలుపెట్టండి."

పొదల్లో వెతకడం, తుపాకీ, అన్నీ అయిపోయాయి. నాన్న కర్ర మీద ఆనుకుని నెమ్మదిగా నడిచాడు, కుక్క ఆయన వేగానికి తన వేగం తగ్గించుకుంది. నేను చూసేవాళ్ళలో ఒర్వొక్కి పక్కన నిలబడ్డాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో దోపాను.

మళ్ళీ నీళ్ళు.

పడవలో అదే సహాయకుడు. ఈసారి అతను కుక్క వైపు అనుమానంగా చూస్తున్నాడు. నాన్న మెడతాడు విప్పాడు. రౌతలీన్ పేజీ తిప్పాడు. చెయ్యెత్తాడు.

"నొ నీన్," అన్నాడు. అనేశాక నాలుక కరుచుకోవడం దూరం నుంచే కనిపించింది.

పిహ్కా కదల్లేదు.

బాతు గాల్లోకి లేచింది, తుపాకీ పేలింది, బాతు నీళ్ళలో పడింది. పిహ్కా ముక్కు నుంచి తోక దాకా వణుకుతూ కూర్చుంది. రౌతలీన్ నాన్నకి తలూపాడు: ఇక పంపండి.

నాన్న నోరు తెరిచాడు.

ఏమీ రాలేదు.

నాకు తెలుసు, ఒత్తిడి పెరిగితే అలా అవుతుందని ఇన్కెరి చెప్పింది. ఆయన మెడలో నరం ఉబ్బింది. పెదాలు కదులుతున్నాయి, వాటి వెనక శబ్దం లేదు. గాలి బాతుని జమ్ము పొదల వైపు నెడుతోంది. ఇంకాస్త ఆగితే పొదల్లోకి వెళ్ళిపోతుంది, ఇక కుక్కకి కనపడదు. పది సెకన్లు. పదిహేను. రౌతలీన్ గడియారం చూసుకున్నాడు. నా గొంతులో ఆ మాట సిద్ధంగా ఉంది. నేనంటే అది వెళ్ళదని తెలుసు, అయినా పళ్ళు బిగించి ఆపుకున్నాను. చుట్టూ నలభైమంది, అందరికీ ఆ మాట వచ్చు, ఎవరూ పెదవి విప్పలేదు. వెలి-మత్తి టోపీ తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

పిహ్కా నీళ్ళ వైపు చూడడం మానేసి, తల తిప్పి నాన్న మొహం చూసింది. తొందరలేనట్టు. పంటు మీద రోజూ చూసినట్టే.

ఆయన దాన్ని చూశాడు. ఉబ్బిన నరం సర్దుకుంది. ఊపిరి వదిలాడు, ఆ ఊపిరి చివర సగం మాట వచ్చింది.

"...నీన్."

సగం చాలు. పిహ్కా నీళ్ళని రెండుగా చీల్చుకుంటూ పోయింది. జమ్ము అంచున బాతుని అందుకుంది. తిరిగొచ్చి, నీళ్ళు దులుపుకోకుండా, నాన్న ఎడమచేతిలో పెట్టి కూర్చుంది. ఆ తర్వాతే దులుపుకుంది, రౌతలీన్ ప్లాస్టిక్ సంచి మీద.

కుందేలు సంగతి చెప్పడానికేం లేదు. ముక్కు నేలకి పెట్టి వెళ్ళింది, తెచ్చింది.

మా దగ్గర జడ్జి ఫలితం రాసుకుని ఊరుకోడు, అందరి ముందూ చదువుతాడు. నిప్పు దగ్గర సాసేజీలు కాలుతుంటే రౌతలీన్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. "పిహ్కా. చురుకైనది, ధైర్యం కలది, మెత్తని నోరు. చెప్పేదాకా ఆగుతుంది. ఐదు అంశాల్లోనూ ఉత్తీర్ణం." ఆగి కాగితం దగ్గరికి తెచ్చుకున్నాడు. "హ్యాండ్లర్ అనవసరంగా మాట్లాడడు. మిగతా హ్యాండ్లర్లు ఈ విషయం గమనించవలసిందిగా మనవి."

ఒర్వొక్కి తన సంచిలోంచి ఏప్రిల్ నాటి కాగితం తీసి, బల్ల మీద చదును చేసి, సంతకం పెట్టి నాన్న ముందుకి తోసింది. ఆయన ఎడమచేత్తో వంకరటింకరగా పేరు రాశాడు. ఎవరో కాఫీ పోశారు. ఎవరో యాలకుల బన్ను చేతిలో పెట్టారు. ఐదు నెలల బరువు ఒక్కసారిగా దిగిపోయి, నేను కూడా, ఆలోచించకుండా, పైకే అనేశాను.

"నొ నీన్!"

బల్ల కింద పడుకున్న పిహ్కా చెవి కూడా కదపలేదు.

సామానంతా సర్దేసరికి మధ్యాహ్నం దాటింది. కారు వెనక సీట్లో కుక్క, ముందు నా పక్కన నాన్న. తాళంచెవి చేతిలోనే ఉంది, నేను మాత్రం స్టీరింగు పట్టుకుని ఎదురుగా ఉన్న సరస్సు వైపే చూస్తూ కూర్చుండిపోయాను. పక్కనుంచి, మొదట్లో కాస్త పైకి లేచి చివర మెత్తగా దిగే గొంతుతో, ఇన్కెరి పుస్తకంలో లేని రకం ఒకటి వినపడింది.

"నొ నీన్."

వెనక సీట్లో పిహ్కా కళ్ళు తెరిచి నా వైపు చూసింది, ఇది నీకే అన్నట్టు.

కారు స్టార్ట్ చేశాను.